నాలుగో కొస

భానుప్రకాశ్ మూడోసారి బెల్లు కొట్టాడు. లోపల కుట్టుమిషను ఆగలేదు. అరచేత్తో తలుపు బాదితే ఆగింది.

తలుపు తీసిన ఆవిడ చేతిలో కత్తెర ఉంది.

"మిషన్ ఆపుతరా, నన్ను తార్నాక ఇడిసిపెట్టి పొమ్మంటరా?" అన్నాడు భానుప్రకాశ్. "మీ కిందనే ఉంట, రెండు వందల రెండుల. నెలైతే గ్రూప్ టూ ఎగ్జామ్. పొద్దున మొదలుపెడితే రాత్రిదాంక నెత్తి మీద టకటక!"

ఆవిడ లోపలికి తిరిగింది. "ఈయనకీ కోపం వచ్చిందటండీ. రమ్మననా?"

"రమ్మను సుధామయమ్మా. చెప్పులు బయట ఇడవమను," అంది లోపలి గొంతు.

హాల్లో కుర్చీలన్నీ గోడవారగా జరిపి ఉన్నాయి. నేల మీద బొంత కోసం పాత చీరలు పొరలు పొరలుగా పరిచారు. మిషను ముందు కూర్చున్నావిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. చీరల అవతలి అంచున స్టీలు స్కేలు పట్టుకుని బాసింపట్టు వేసుకున్న మనిషిని చూసి భానుప్రకాశ్ నోరు తెరిచాడు. ఆయన పార్థసారథి, అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటు.

"సార్! ఈ చప్పుడు గురించి మీకు నిన్ననే ఫోన్ చేసిన గద!"

"చేశావు. చూస్తాన్లే అన్నాను. చూస్తున్నానుగా!" అన్నాడు పార్థసారథి, స్కేలు వెంట సుద్దతో గీత గీస్తూ.

"బిడ్డా, ఆ కొస జర పట్టు," అంది మిషను దగ్గరావిడ లేచి వస్తూ. "ముడత పోవాలె. పట్టినంక తిట్టు."

పొరలు ముడత పడకుండా లాగాలంటే నాలుగు కొసలకూ నలుగురు ఉండాలి. అక్కడ ముగ్గురే ఉన్నారు. భానుప్రకాశ్ కొస పట్టుకున్నాడు. అరవబోతే చేతిలో గుడ్డ జారింది. "గట్టిగ పట్టవయ్యా, అన్నం తినలేదా?" అందావిడ. అతను నోరు మూసుకుని గట్టిగా పట్టుకున్నాడు.

"నేనూ మీలాగే వచ్చాను," అంది సుధామయి. "ఇక్కడి దారప్పోగులు కింద నేను ఆరేసిన బట్టల మీద పడేవి. నాలుగు దులిపేసి పోదామని మెట్లెక్కాను. కొస పట్టుకోమన్నారు."

"నేను నోటీసుతో వచ్చాను," అన్నాడు పార్థసారథి. "వీళ్లు గుడ్డ వంకరగా కత్తిరిస్తుంటే చూడలేకపోయాను. రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినవాణ్ని. వంకర గీత చూస్తే నాకు అన్నం సయించదు."

"నోటీసు?"

"దాని వెనకాలే డిజైను గీశాం."

మిషను ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. పేరు సారలమ్మ.

"ఆంటీ, మీరు కుట్టుకునుడు నేను వద్దంటలేను," అన్నాడు భానుప్రకాశ్. "సాయంత్రం ఆపితే చాలు. చదువుకుంట."

"సాయంత్రమే గద అందరికి తీరేది! చాయ్ తాగు, సల్లారుతది."

చాయ్ తాగేలోపు అతని చేతికి సూది వచ్చింది.

మర్నాడు గట్టిగా మాట్లాడదామనే వెళ్లాడు. ఎర్రచీర పక్కన పసుపుది వెయ్యాలా ఆకుపచ్చది వెయ్యాలా అని అక్కడ గొడవ జరుగుతోంది. తీర్పు అతన్ని చెప్పమన్నారు. ఆ తర్వాత రోజూ వెళ్లాడు. రోజూ పోట్లాడ్డానికే.

పరకాల నుంచి తండ్రి బుచ్చిరాములు ఫోన్ చేశాడు.

"చదువుతున్నవారా?"

"ఆఁ," అన్నాడు భానుప్రకాశ్. పళ్ల మధ్య దారం ఉంది.

"ఇది మూడోసారి. ఈసారి గూడ పోతే మన ఎరువుల దుకాణంల కూసోవుడే. మల్ల నన్ను అడగొద్దు."

ఆ ఆదివారం కోచింగ్ సెంటర్లో మోడల్ టెస్టు రాశాడు. రాజ్యాంగంలో షెడ్యూళ్లు ఎన్ని అంటే గుర్తు రాలేదు. పైన బొంతలో ఏ చీర పక్కన ఏ చీర ఉందో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలడు. మార్కులు చూసుకున్నాక ఎరువుల వాసన ముక్కుకు తగిలింది.

తెల్లారి పుస్తకాలు సంచిలో వేసుకుని యూనివర్సిటీకి నడిచాడు. లైబ్రరీ రీడింగ్ హాల్లో ఓ మూల సీటు దొరికింది. పక్క సీట్లో ఓ అమ్మాయి లాప్‌టాప్ ముందు పెట్టుకుని రాసుకుంటోంది. మధ్యాహ్నందాకా ఎక్కడా చప్పుడు లేదు. భానుప్రకాశ్‌కు షెడ్యూళ్లన్నీ వరసగా గుర్తొచ్చాయి.

చాయ్‌కని క్యాంటీన్‌కు వెళ్తే ఆ అమ్మాయి కూడా అక్కడికే వచ్చింది. అతని వేలికున్న ప్లాస్టర్ చూసింది.

"సూది గుచ్చుకున్నదా అన్నా?"

"ఎట్ల కనిపెట్టినవు?"

ఆమె తన వేలు చూపించింది. "నా పేరు శిరీష. పీహెచ్‌డీ చేస్తున్న. రాసి రాసి బుర్ర వేడెక్కుతుంటే ఓ బొంత మొదలుపెట్టిన. టైంపాస్‌కు. సగంల ఆగింది."

"ఏమైంది?"

"ఇంట్ల జాగ ఏడున్నది? ఒకటే లొల్లి. థీసిస్ ఇయ్యాలె. పొద్దున ఈడికొస్తే లైబ్రరీ మూసినంకనే పోతా."

"నాది గూడ గదే గతి," అన్నాడు భానుప్రకాశ్. తన గోడు వినే మనిషి దొరికేసరికి మొత్తం చెప్పేశాడు. "తార్నాకల మా ఫ్లాట్ మీద మూడు వందల రెండు. సారలమ్మ అని ఓ ఆంటీ ఉంటది. తిట్టనీకి పోయినోళ్లందర్ని కూసోబెట్టి బొంతలు కుట్టిపిస్తది. ప్రెసిడెంటే కూసున్నడు! గామెకు ఎదురు చెప్పెటోడు ఇంక పుట్టలే."

శిరీష గ్లాసు కింద పెట్టింది.

"సారలమ్మ ఆంటీ గూడ ఫస్ట్ తిట్టనీకే వచ్చింది."

"నీకెట్ల తెలుసు?"

"ఆ ఇంటికి కిరాయి కడుతున్నది నేనే అన్నా."