రెయిన్‌కోటు మనిషి

“గోడ గడియారం మార్చు. మా ఆఫీసులో అది ఎప్పుడూ వెనకే నడిచేది. సరిగ్గా నడుస్తుంటే పాతవాళ్లు నవ్వుతారు” అంది నోరీన్, సెట్టు ఫొటోలు ఒక్కొక్కటే పక్కన పెడుతూ.

హోబార్ట్ అనే రేవుపట్నంలో ఆమె వంటింట్లో కూర్చుని దర్శకుడు ఏంగస్ బుద్ధిగా రాసుకున్నాడు. ఓడరేవు కాంట్రాక్టుల్లో మంత్రి పాస్కో తిన్న లంచాలను యాభై ఏళ్ల కిందట పత్రికలో బయటపెట్టింది నోరీనే. ఆ దెబ్బకి మంత్రి పదవి ఊడింది. ఇప్పుడా కథనే ఏంగస్ సినిమాగా తీస్తున్నాడు. టైప్‌రైటర్లు, సిరా మరకలు, ఆఖరికి యాష్‌ట్రేలు కూడా ఆమె కన్ను దాటి పోవడం లేదు.

“అన్నీ కుదిరాయి గానీ ఊపు లేదు నోరీన్ గారూ. ఆ కాగితాలు మీకెవరిచ్చారో చెప్తే సినిమా నిలబడుతుంది. నిర్మాత కూడా అదే పట్టు మీదున్నాడు.”

“చెప్పనని మాటిచ్చాను.”

“యాభై ఏళ్లయింది కదండీ. ఆ మనిషి ఈపాటికి పోయుంటాడు.”

“నా మాట పోలేదుగా. పేరు బయటపడితే సొంతవాళ్లే ఆ మొహం చూడరు. మీ నిర్మాతకి ఇష్టం లేకపోతే సినిమా మానుకోమను.”

ఏంగస్ దారికొచ్చాడు. “పోనీ, రేవు దగ్గర చీకట్లో రెయిన్‌కోటు మనిషొకడు మీ చేతికి సంచి ఇచ్చి వెళ్లిపోయినట్టు తీయనా?”

గడియారాన్నే వదలని నోరీన్ తీరిగ్గా టీ తాగి, “బావుంటుంది, తీసుకో” అంది.

లేవబోతూ ఏంగస్ అలమర మీది పాత రేకు డబ్బా తీశాడు. మూత మీద గులాబీలు. అడుగున, చర్చి విందులకు కేకులు పంపేటప్పుడు ఆడవాళ్లు పేరు రాసి అంటించే ప్లాస్టరు పీకేసిన మరక.

“ఆ కాలం నాటిదే కదా, సినిమాలో మీ బల్ల మీద పెడదాం.”

“అక్కడ పెట్టెయ్. నాది కాదది. ఇచ్చేయాలి, వీలు చిక్కడం లేదు.”

సినిమా విడుదలైంది. ‘చక్కగా తీశారు, చక్కగా నిద్రపట్టింది’ అని రాశాడొక విమర్శకుడు. హోబార్ట్‌లో మొదటి ఆటకి జనం మర్యాదకి చప్పట్లు కొట్టి లేచారు. ఏంగస్ మొహం వేలాడేశాడు. రెయిన్‌కోటు సీను ఒక్కటే బావుందని అందరూ అంటున్నారు మరి.

అంతలో జనం పక్కకి జరిగి దారిచ్చారు. మంత్రి పాస్కో భార్య ఎనిడ్, చేతికర్ర పోటేసుకుంటూ, ఇంకా సీట్లోనే ఉన్న నోరీన్ వైపే వస్తోంది. భర్త పోయి చాలాకాలమైనా ఆ ముసలావిడ పాస్కోల ఇంటికి పెద్దదిక్కు. ఆవిడా నోరీనూ మాట్లాడుకోగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. పరువు నష్టం దావా తప్పదనుకున్నాడు ఏంగస్.

ఎనిడ్ పక్క సీట్లో కూర్చుంది.

“సినిమా మరీ చప్పగా ఉంది.”

“చప్పగా ఉండాలనే దగ్గరుండి తీయించాను” అంది నోరీన్. ఆ గొంతులో గర్వం దాగలేదు.

ఏంగస్ ఎనిడ్‌కి టీ తేవడానికి పరుగెత్తాడు. అతను దూరం వెళ్లేదాకా ఆగి, ఎనిడ్ నోరీన్ చెవి దగ్గరికి వంగింది.

“కాగితాలు వాడుకున్నావు సరే, నా కేకు డబ్బా ఎప్పుడిస్తావు?”