వీధిలో ఒక్క పచ్చదీపం

నెలనెలా ప్రతి గుమ్మంలోని యంత్రం ఇంట్లోవాళ్ళ వేలినుంచి రక్తపుచుక్క తీసుకుంటుంది. కొళాయినీళ్ళలోని పురుగు ఒంట్లోకి చేరిన ఆనవాలు కనిపిస్తే గుమ్మం మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఒకసారి వెలిగితే ఏళ్ళతరబడి ఆరదు. మెరకవీధిలో పచ్చదీపం మంగతాయారు ఇంటిదొక్కటే. నీళ్ళు కాచి వడగట్టందే గొంతు తడుపుకోని మనిషి. ఆ దీపమంటే ఆవిడకు తగని గర్వం.

“పిన్నిగారూ, వీధంతా ఎరుపైతేగానీ కొత్త గొట్టాలు వెయ్యరంట. ఈ ఒక్క నెలా పచ్చినీళ్ళు తాగి పుణ్యం కట్టుకోండి,” అని పక్కింటి వరహాలు బతిమాలింది. దాని చంకలో బిడ్డ విరేచనాలతో తోటకూర కాడలా వాడిపోయి ఉంది.

మంగతాయారు కాదనలేకపోయింది. తాగింది, మంచం పట్టింది. ఆ నెల దీపం ఎర్రబడగానే వీధివాళ్ళంతా మజ్జిగన్నం పట్టుకుని పరామర్శకు వచ్చారు.

మర్నాడు గుమ్మంలోని యంత్రం కార్పొరేషన్ నిర్ణయం చదివింది: “మీ వీధిలో నీళ్ళు కాచుకునే ఇల్లు ఒక్కటీ లేదు. లోపం గొట్టాలది కాదు, మీ అలవాట్లది. ఆదివారం నుంచి నీళ్ళు కాచడంపై శిక్షణ.”

కొత్తగా ఎర్రబడినవాళ్ళు ముందువరసలో కూర్చోవాలట. వాళ్ళకు పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి నేర్పుతారట.