ఎండు కొమ్మకు ద్రాక్ష

"అయ్యా, నోటి నొప్పి తగ్గిందా?"

వాకిట్లో నిలబడ్డ మనిషి పలకరింపు అది. ఒళ్ళంతా దారి దుమ్ము.

కవి రూజ్‌బే మొహం చిట్లించాడు. మెహర్‌గాన్ పండగనాడు అతని పద్యం విని మురిసిపోయిన పాలకుడు అమీర్, దర్బారులోనే అతని నోటినిండా ముత్యాలు పోయించాడు. హెరాత్ నగరమంతా ఇప్పుడు ఆ మాటే చెప్పుకుంటోంది.

"ఎవరు నువ్వు?"

"పూషంగ్ నుంచి వస్తున్నాను. మీ పద్యంలో ఒక్క చరణం గురించి."

"ఏ చరణం?"

"'నీ పేరు వింటే చాలు, పూషంగ్‌లో ఎండు కొమ్మ కూడా ద్రాక్ష కాస్తుంది' అన్నారే, అది."

రూజ్‌బే మొహం విప్పారింది. "బాగుంది కదూ?"

"బాగుంది. కానీ ఈ ఏడు అక్కడ వాన చుక్క లేదు. తోటలన్నీ మాడిపోయాయి. పన్ను తగ్గించమని అడిగితే వజీరుగారు మీ చరణమే చదివారు. కాయలేదన్నవాడు అమీర్ పేరుకు మహిమ లేదన్నట్టేనట. రాజద్రోహమట."

"పొగడ్త పొగడ్తేనయ్యా. దాన్ని ఎవరు నమ్ముతారు?"

"నమ్మక్కర్లేదు. పన్ను పిండడానికి పనికొస్తే చాలు. సాయంత్రం దర్బారులో ఈ సంగతి తేలుస్తారు. అది పద్యం కోసం అన్న మాటేనని మీరొక్కసారి చెప్పండి."

"నీ తోట ఎంతుంటుందేమిటి?"

"నాకు తోట లేదు."

"మరి నీకెందుకయ్యా ఈ గోల? పన్ను ఎగ్గొట్టడానికి ఊళ్ళోవాళ్ళు నిన్ను తోలారా? నా తల తీయించడానికా? వెళ్ళు, వెళ్ళు!"

అతను గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. వెళ్ళిపోయాడు.

లోపలినుంచి భార్య మాహ్‌బాను వచ్చింది.

"పంపేశారేం? ఒక్క మాటేగా అడిగాడు."

"ఆ ఒక్క మాటకే నా మెడ తెగుతుంది."

"మీ మాట ఇప్పటికే ఆ పూషంగ్ వాళ్ళ మెడలకు చుట్టుకుందిగా?"

సాయంత్రం రూజ్‌బే దర్బారుకు బయలుదేరాడు. అది పద్యం కోసం అన్న మాటేనని ఎలా చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కున్నాడు.

అడుగు పెట్టగానే వజీరు నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"రావయ్యా! సమయానికొచ్చావ్. నీ చరణం వట్టి గొప్పలని ఇందాక ఒకడు అమీర్ ఎదుటే అన్నాడు. నువ్వే చెప్పు, అబద్ధం రాశావా?"

అమీర్ కన్నార్పకుండా చూస్తున్నాడు.

రూజ్‌బే తల వంచాడు.

"లేదు ప్రభూ."

సభ చప్పట్లు కొట్టింది.

మర్నాడు పొద్దున కోట గుమ్మం ముందు ఉరికొయ్య లేచింది. దానికి వేలాడుతున్నది నిన్న రూజ్‌బే వాకిట్లో నిలబడ్డ మనిషే.

రూజ్‌బే గుమ్మం దగ్గరికి నడిచాడు.

"పాపం, పూషంగ్ రైతు కదూ?" అన్నాడు కాపలావాడితో.

"రైతేమిటండీ! పూషంగ్ పన్ను వసూలు చేసుకురమ్మని అమీర్ పంపించిన అధికారి ఈయనే, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు."