ఏడో నంబరు సంచీ

"ఆ పరీక్ష చెల్లదు. ఏడో నంబరు సంచీలో రక్తం మంచిది కాదు."

మీటింగులో పదకొండు మంది ముందు ఆ మాట అనేసి అన్నయ్య కూర్చున్నాడు. పంపమ్మ చేతిలో కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి.

ఆసుపత్రిలో అందరూ ఆమెను పంపమ్మ అనే పిలుస్తారు. గుండెను ఆపి కోసే ఆపరేషన్లలో గుండెకూ ఊపిరితిత్తులకూ బదులు పనిచేసే పంపు యంత్రాన్ని నడిపేది ఆమే. ఆ పని చేయి పట్టుకుని నేర్పినవాడు అన్నయ్య. తోడబుట్టకపోయినా అంతకంటే ఎక్కువే అనుకుంది, ఇవాళ్టిదాకా.

ఆ యంత్రంలో రోలర్లు గొట్టాన్ని నొక్కుతూ రక్తాన్ని తోస్తాయి. ఆ నొక్కుడికి ఎర్ర కణాలు కొన్ని చితికిపోతాయి. ఆ భారమంతా రోగి మూత్రపిండాల మీద పడుతుంది. రోలర్లను వెంట్రుకవాసి వదులు చేస్తే కణాలు బతుకుతాయని పంపమ్మ నమ్మకం. బిగించి నడపడం అన్నయ్య ఇరవయ్యేళ్ల పద్ధతి.

దాతల రక్తాన్ని రోగి లేకుండానే యంత్రంలో గంటల తరబడి తిప్పి, కొన్ని సంచులు వదులుగా, కొన్ని బిగించి, రెండేళ్లు లెక్కపెట్టింది. బిగించి నడిపిన ఏడో సంచీలో కణాలు కుప్పలు కుప్పలుగా చితికాయి. ఆ ఒక్క సంచీ తీసేస్తే మిగిలే తేడా ఆవగింజంత.

లెక్కపెట్టేవాళ్లకు రక్తం ఎవరిదో తెలియకూడదని నియమం. సంచీ మీద నంబరే ఉంటుంది. పేర్ల చీటీలు కవరులో పెట్టి సీలు వేస్తారు. ఆ రోజు రావలసిన దాత రాక పంపమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఎక్కడో అక్కడ చూస్తానని వెళ్లి గంటలో ఏడో సంచీ తెప్పించింది కూడా ఈ మహానుభావుడే. ఇప్పుడేమో తడిగుడ్డతో గొంతు కోశాడు.

లిఫ్టు దగ్గర పట్టుకుంది. ఒక్క అంతస్తు దిగడానికి లిఫ్టు కోసం నిలబడ్డాడు. కళ్లకు, గదుల్లో కూడా తియ్యని కొత్త నల్లద్దాలు. మొహం పీక్కుపోయి ఉంది. తప్పు చేసినవాడి మొహం ఇంకెలా ఉంటుంది అనుకుంది.

"ఆ రక్తానికేం రోగం అన్నయ్యా?"

"ఉంది తల్లీ. మామూలు కణాలు కావవి. కాస్త నొక్కితే పగిలిపోతాయి. మంచి రక్తంతో మళ్లీ చెయ్యి."

"మీకెలా తెలుసు?"

అద్దాలు సర్దుకున్నాడు. "ఈ మధ్యే తెలిసింది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. మీ పద్ధతి ఓడిపోతుందని నా రెండేళ్ల కష్టాన్ని బూడిదలో పోసిన పన్నీరు చేశారు. అసలు మీ ఒంట్లో పారేది రక్తమేనా?"

ఆయన చిన్నగా నవ్వి లిఫ్టు ఎక్కాడు.

మధ్యాహ్నానికి నర్సు మరో కబురు మోసుకొచ్చింది. రేపట్నుంచి అన్నయ్యకు రెండు నెలల సెలవట. నా కడుపు కొట్టి షికారుకు వెళ్తున్నాడా అని పంపమ్మ ఒళ్లు మండిపోయింది.

తిన్నగా రికార్డుల గదికి వెళ్లింది.

"పరీక్షలు అయిపోయాయి. సీలు తీసే హక్కు నాకుంది. ఏడో నంబరు దాత ఎవరో చూడాలి."

"ఇంత తొందరేమిటమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆ మనిషిని చేయి పట్టుకుని తీసుకొచ్చి అందరి ముందూ నిలబెడతాను. ఇదిగో, నిక్షేపంలాంటి మనిషి, ఈయన రక్తానికేం తక్కువ అని అడుగుతాను. అప్పుడు బయటపడుతుంది అన్నయ్య బండారం."

గుమాస్తా రెండుచోట్ల సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు. పంపమ్మ సీలు చింపి, చీటీల్లో ఏడోది వెతికి మడత విప్పింది.

దాత సంతకం చెయ్యాల్సిన చోట, పద్దెనిమిదేళ్లుగా తన ప్రతి రిపోర్టు కిందా చూస్తూ వచ్చిన అన్నయ్య సంతకం ఉంది.