ఎవరూ అడగని మాట

వైద్య పత్రికల్లో వ్యాసాలు రాయడం, పరిశీలించడం, అచ్చువేయడం అన్నీ యంత్రాలకే వెళ్లిపోయాక, బాధ్యత వహించడానికి పత్రికకొక మనిషి ఉండాలని చట్టం చేశారు. విశాఖలోని ఒక పిల్లల వైద్య పత్రికకు ఆ మనిషి హైమవతి. పదహారు కుర్చీల గదిలో ఒక్కతే కూర్చుని, రోజుకు నాలుగు వందల వ్యాసాలకు వేలిముద్ర వేస్తుంది.

ఆ మధ్యాహ్నం పెరుగన్నం తింటూ ఒక వ్యాసం చదివింది. మూర్ఛ మందు రెట్టింపు మోతాదులో ఇచ్చినా, రెండు వందల మంది పిల్లల్లో ఒక్కరికీ వాంతి కూడా కాలేదట. పరిశీలించే యంత్రం అప్పటికే సరేనంది. హైమవతికి మాత్రం నమ్మబుద్ధి కాలేదు. వ్యాసం మీద పేరున్న డాక్టర్ పైడిరాజుకు ఫోన్ చేసింది.

"డాక్టరు గారూ, ఈ పిల్లలందర్నీ మీరు చూశారా అండీ?"



"నలుగుర్నే చూసేనమ్మా. మిగతావాళ్లని యంత్రమే కల్పించింది. నా పేరు మీద వ్యాసాలొస్తున్న పన్నెండేళ్లలో నన్నీ మాట ఎవరూ అడగలేదు."

"ఈ మోతాదు రేపు నిజం పిల్లలకిస్తారండీ."

"వ్యాసం వెనక్కి తీసేసుకుంటాను." ఆయన గొంతు తగ్గింది. "అప్పుడే ఫోన్ పెట్టేయకమ్మా. ఇక్కడ మనిషినంటూ నేనొక్కడ్నే."

"ఆ నలుగురి గురించి చెప్పండి," అంది హైమవతి.

ఆయన ఒక్కొక్కరి పేరూ, ఎవరు ఎలా నవ్వుతారో కూడా చెప్పాడు. ఆమె ఈ పనిలో చేరిన మూడేళ్లలో ఆ గదిలో విన్న మొదటి మనిషి గొంతు అదే.