మంచినీళ్ళ షరతు

"ఎంతమందప్పా మీరు?"

"ఇద్దరమేనమ్మా. నేనూ, మా ఇంటామె."

గంగక్క తలుపుకు అడ్డంగా నిలబడి శాంతయ్యను ఎగాదిగా చూసింది. తరువాతి ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు. ఈ వారంలో ఎక్కిన ఆరు గడపల్లోనూ అదే ప్రశ్న: "యా కులమప్పా మీది?" ఏసుప్రభువు వాళ్ళమంటే, "మాలపల్లెనా, మాదిగపల్లెనా?" అని అడిగి మరీ తలుపు మూశారు.

కొత్త ఆంధ్ర రాష్ట్రమని కర్నూలుకు రాజధాని వచ్చిందంటే వచ్చింది గానీ, దాని వెంట వచ్చిన గుమాస్తాలకు తల దాచుకునే చోటు రాలేదు. సర్కారు వేసిన డేరాలో శాంతయ్య కాపురం. భార్య రాహేలమ్మకు ఏడో నెల. మొన్నటి గాలికి డేరా గుంజ విరిగి ఆమెకు జానెడు దూరంలో పడింది. ఆ రోజు నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. గంగక్క అద్దెకిచ్చే ఈ ఒంటిగది పోర్షను ఆఫీసుకూ, ఆసుపత్రికీ నడిచిపోయేంత దగ్గర. ఇదీ తప్పితే మళ్ళీ డేరానే గతి.

"యా ఊరు?"

"ఒంటిమిట్ట పక్కన పల్లె."

"రాములోరి దేవళం కాడనా?"

"ఆఁ" అన్నాడు. వాళ్ళ పేటలో నుంచి గోపురం కనిపించే మాట నిజమే. లోపలికి మాత్రం అతను ఎన్నడూ పోలేదు.

"ఆయమ్మ పేరేమి?"

"రా..." నాలుక కరుచుకున్నాడు. "రామేశ్వరమ్మ."

కులం మాట మాత్రం గంగక్క ఎత్తలేదు. రైల్వేలో పనిచేసి పోయిన మొగుడు కట్టించిన ఇల్లు ఆమెది. ఒంటరి మనిషి.

"ముందుగానే చెప్తాండా, మళ్ళీ మనసు కష్టపెట్టుకోవద్దు. నా గడప దాటి లోపలికి రావద్దు. బాయిలో నీళ్ళు మీరే తోడుకోవల్ల. నా చేతి నీళ్ళు గానీ, మజ్జిగ గానీ అడగొద్దు. వారానికొక పూట మా చెల్లెలి ఊరికి పోతాంటా, వాకిలి గొళ్ళెం పెట్టుకోండి."

మడి మనిషి, అనుకున్నాడు శాంతయ్య. ఇల్లు దొరికిన సంతోషంలోనే గుండెలో రాయి పడింది.

బైబిలు ట్రంకు అడుక్కి పోయింది. రాహేలమ్మ నుదుటికి బొట్టు వచ్చింది.

"బయటపడితే?" అంది ఆమె.

"కాన్పు అయ్యేదాకా పడకుంటే సాలు."

పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ రాహేలమ్మ కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడింది. గంగక్క తన గడపలోనే ఉంది, చేతిలో నిండు చెంబుతో.

"అమ్మా... రవ్వన్ని నీళ్ళు..."

గంగక్క రెండడుగులు వేసి ఆగిపోయింది. చెంబు వెనక్కి పెట్టుకుని గోడ మీదుగా పక్కింటికి కేక వేసింది.

"కృష్ణవేణమ్మా! బిడ్డకు నీళ్ళు తెచ్చియ్యమ్మా, బిరీన!"

పక్కింటామె పరుగెత్తుకొచ్చి తాగించింది.

సాయంత్రం శాంతయ్య రాగానే రాహేలమ్మ ఏడుపు ఎత్తుకుంది.

"ఆమెకు తెలిసిపోయింది. చెంబు చేతిలోనే ఉండాది. ఇయ్యలా."

"తెలిసుంటే పక్కింటామెతో తాపిస్తాదా?" అన్నాడు గానీ, అతనికీ నమ్మకం లేదు. వీధిలో ఎవరు గట్టిగా మాట్లాడినా తమ గురించే అనిపించసాగింది. సామాను సగం మూటకట్టి ఉంచాడు.

"పొమ్మనే లోపల ఒక్కతూరి ఏసుప్రభువు గుడికి పోయొద్దాం. కాన్పుకు ముందు ప్రార్థన చేయించుకోవల్ల" అంది రాహేలమ్మ.

ఊళ్ళో గుడికి పోతే ఆఫీసువాళ్ళెవరైనా చూస్తారని భయం. ఆదివారం గంగక్క తెల్లారకముందే చెల్లెలి ఊరికి బయలుదేరింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, జట్కా కట్టించుకుని హంద్రి ఏరు దాటి మూడు మైళ్ళ అవతలి పల్లెకు చేరారు. బోదగడ్డి కప్పిన చిన్న గుడి, పైన కర్ర శిలువ. దూరం నుంచి వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే కడవ పెట్టి నీళ్ళిస్తున్నారు. మనుషులు గుంపుగా ఉన్నారు. ఎండకు సోలిపోయిన రాహేలమ్మ తల వంచుకునే చెయ్యి చాచింది. ఎవరో చెంబు అందించారు. గటగటా తాగి, ఊపిరి పీల్చుకుని, చెంబు తిరిగి ఇచ్చింది.

అందుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తలెత్తి చూశారు.

నీళ్ళిచ్చింది గంగక్క.