పరీక్షలో దొరికిన మాంసం

"నిజం చెప్పు, ఎక్కడ తిన్నావ్?" డాక్టరమ్మ ఎదుటే భార్య నిలదీసింది.

మటన్ కొట్టాయన బిక్కమొహం వేశాడు. "నీ మీద ఒట్టే. ముక్క నోట్లో పెడితే అడుగు."

"నా మీద ఒట్టేసి నన్ను కూడా పైకి పంపించేస్తావా? చూడండమ్మా! పొద్దస్తమానం మాంసం మధ్యలో కూచునే మనిషి. చెయ్యి ఊరుకుంటుందా?"

డాక్టరమ్మ రిపోర్టు చూసి నుదురు రుద్దుకుంది. ఆవిడకీ చిరాగ్గానే ఉంది. "పెద్దాయనా, మూత్రంలో ఆమ్లం పోయినసారికంటే ఎక్కువ పోతోంది. యూరియా కూడా పెరిగింది. మాంసం, గుడ్లు తింటే ఒంట్లో ఆమ్లం పుడుతుంది. దాన్ని బయటికి తోసేది కిడ్నీలే. మీవి అసలే సగం దెబ్బతిన్నాయి. ఇలాగే తింటూ పోతే డయాలసిస్ తప్పదు."

ఆ మాటకి భార్య కుర్చీలో కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎంత తిట్టిపోసినా ఆయనంటే ఆవిడకు ప్రాణం.

"నా చేతనైందంతా చేశానమ్మా. మీరు తగ్గించమన్నారు, నేను పూర్తిగా మాన్పించేశా. పప్పులోనూ పాలలోనూ కూడా మాంసంలో ఉండేదే ఉంటుందని ఎవరో అంటే అవీ బంద్ చేశా. కొట్లో ఆయన పక్కనే కాపలా కూచుంటున్నా. పూటకో గ్లాసుడు పలచటి జావ, అంతే. అయినా నా కళ్ళు కప్పి ఎలా మేస్తున్నాడో!"

"ఆకలేస్తోందే," అన్నాడాయన నీరసంగా.

"నోర్ముయ్. రేపట్నుంచి ఆ జావ కూడా సగమే."

డాక్టరమ్మ బీపీ చూద్దామని ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచింది. పట్టీ చుట్టింది. అది మోచేతిదాకా జారిపోయింది. బిగించి మళ్ళీ చుట్టింది. మళ్ళీ జారింది. ఆవిడ అక్కడే ఆగిపోయి ఆ చేతిని తన వేళ్ళతో చుట్టి చూసింది. మొహంలో చిరాకంతా ఎగిరిపోయింది.

"అమ్మా, ఈయన దొంగతిండి తినడం లేదు."

"మరి పరీక్షలో ఆ మాంసం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

డాక్టరమ్మ ఆ చేతిని మెల్లగా కిందికి దించింది. "మీరు తిండి మాన్పించేసరికి ఒళ్ళు తన కండనే తినేస్తోందమ్మా."